మలయావాళ్లు పుంగనూరు నుంచి పోయినారట!

చరిత్ర లెక్చరర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "సార్, మీ అనుభవం నాలుగు మాటల్లో చెప్పండి" అంటారు. నాలుగు మాటల్లో చెప్పగలిగితే అది అనుభవం కాదు, రబ్బరు స్టాంపు. అందుకే రాసి పెడుతున్నాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి ఎవరు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే ఇవ్వగలను. ఇంక్రిమెంట్లు, బదిలీలు, సర్వీసు రిజిస్టరు గొడవలు ఇందులో ఉండవు. అవి ఎవరివి వారికే ముద్దు.

నేను సర్వీసంతా మోసిన పేపర్ ఒకటుంది: ఆగ్నేయాసియా చరిత్ర. అందులో మొదటి పాఠం మలయ్ ప్రజల పుట్టుపూర్వోత్తరాలు. మలేషియా, సుమత్రా తీరాల్లో ఉండే మలయ్ ప్రజలు అసలు ఎక్కడి నుంచి వచ్చారన్నది విషయం. ఈ పాఠం పుణ్యమా అని సోమల మండలానికి చెందిన ఒక అమ్మాయి ఉద్యోగం ఊడింది. వేల ఏళ్ల కిందట సముద్రం దాటినవాళ్లకూ ఈ అమ్మాయి జీతానికీ ఏమిటి సంబంధమని మీరు అడగవచ్చు. మన వృత్తి అంతా ఆ సంబంధంలోనే ఉంది.

ఆర్డినరీ బస్సు, ఎక్స్‌ప్రెస్ బస్సు

నా మొదటి ఉద్యోగం కుప్పంలో. అక్కడి మా డిపార్ట్‌మెంట్ హెడ్ మునిరత్నం సార్ నా చేతిలో పసుపు రంగుకు తిరిగిన నోట్సు పెట్టాడు. అంచులు ముట్టుకుంటే పొడి రాలుతోంది.

"ఇది ఎవరికీ అక్కరలేని పేపరప్పా. కొత్తగా వచ్చినోనికి ఇస్తాం. నేను కొత్తగా వచ్చినప్పుడు నాకూ ఇదే ఇచ్చినారు."

నోట్సు ఆయనది కూడా కాదు. ఆయనకు ముందున్నాయన డిక్టేట్ చేసింది. అందులో ఉన్నది ఇంతే: మలయ్ ప్రజలు రెండు అలలుగా వచ్చారు. మొదట మోటువాళ్లు వచ్చారు. తర్వాత నాగరికులు వచ్చారు. ఆ తర్వాత భారతీయులు వెళ్లి వాళ్లకు గుడి, లిపి, రాజ్యం అన్నీ నేర్పించారు.

"సార్, రెండో గుంపు వచ్చేసరికి మొదటి గుంపు ఏమైంది?" అని అడిగాను.

"కొండలెక్కింది."

"యాల సార్?"

"సిలబస్‌లో చోటు లేక."

మునిరత్నం సార్ జోకు వేశాడనుకున్నాను. కాదు. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడు.

ఆ నోట్సు చదువుతుంటే నాకు తంబళ్లపల్లె బస్సులు గుర్తొచ్చేవి. ముందు ఆర్డినరీ బస్సు వస్తుంది. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తుంది. రెంటిలో నుంచీ మదనపల్లె బస్టాండులో దిగేది ఒకే రకం జనం. ఎక్స్‌ప్రెస్‌లో దిగినవాళ్లు తాము వేరే జాతి అనుకోరు, ఒకరిద్దరు అనుకున్నా టీ కొట్టు దాకానే. ఈ రెండు బస్సుల సిద్ధాంతం రాసిన వాళ్లు మాత్రం అనుకున్నారు. వాళ్లెవరంటే, ఆ తర్వాత మూడో బస్సులో దిగిన దొరలు. ముందొచ్చిన రెండు బస్సులకూ మార్కులు వేసింది వాళ్లే. తమ బస్సుకు ఎన్ని వేసుకున్నారో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పండితులు చెప్పేది వేరు. మలయ్ భాష ఒక పెద్ద భాషా కుటుంబానికి చెందింది. ఆ కుటుంబపు పాత ఇల్లు తైవాన్ దీవి వైపు ఉందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆ భాషలవాళ్లు పడవల మీద ఫిలిప్పీన్స్‌కూ, బోర్నియోకూ, అక్కడి నుంచి సుమత్రాకూ చేరారు. ఒకసారి కాదు, తరతరాలుగా. వాళ్లు దిగిన చోట్ల అప్పటికే మనుషులున్నారు. వాళ్లతో కలిశారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, కొట్లాడుకున్నారు. ఇంకా తేలని విషయాలు బోలెడున్నాయి. 'ఇదిగో అసలు మలయ్' అని చూపించడానికి ఎవరూ మిగలలేదు. అసలు సరుకు అంటూ ఉంటే అది కలిసిన సరుకే.

ఈ మాట తరగతిలో చెప్పాక మునిరత్నం సార్ నన్ను పిలిచి, "పరీక్షలో రెండు అలలు అని రాయకపోతే మార్కులు పడవప్పా. పిల్లకాయల పొట్ట కొట్టొద్దు" అన్నాడు. అందుకని పరీక్షకు రెండు అలలు, బతుకుకు మిగతా సముద్రం అని చెప్పి రెండూ చెప్పేవాణ్ని. మీకూ ఈ అవస్థ వస్తుంది. రెండూ చెప్పండి. ఏది దేనికో కూడా చెప్పండి.

రాజుగారు పిలిస్తేనే వచ్చిన పూర్వీకులు

పుంగనూరుకు మారిన తర్వాత ఈ పాఠానికి ముందు ఒక పని పెట్టుకున్నాను. ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో, "మీ ఇంటివాళ్లు ఈ ఊరికి ఎక్కడి నుంచి వచ్చారు? ఎందుకొచ్చారు?" అని అడిగేవాణ్ని. ఇంట్లో పెద్దవాళ్లను కనుక్కొని రమ్మనేవాణ్ని.

జవాబులు వింటే నవ్వు ఆపుకోవడం కష్టం. ఒకడి వాళ్లు విజయనగరం నుంచి వచ్చారు, సైన్యం నడిపించడానికి. ఇంకొకడి వాళ్లు మైసూరు నుంచి వచ్చారు, నవాబుగారు బతిమాలితే. మరొకడి ముత్తాత గుర్రంకొండ కోటకు తాళాలు పట్టుకున్నాడట. ఆ కోటకు ఎన్ని తలుపులున్నాయో తెలియదు కానీ, మా క్లాసు పిల్లల ముత్తాతలందరికీ తలా ఒక తాళం వచ్చింది. కరువుకు తట్టుకోలేక వచ్చామని ఒక్కరు చెప్పలేదు. అప్పు ఎగ్గొట్టి వచ్చామనీ, అన్నదమ్ముల కొట్లాటలో పారిపోయి వచ్చామనీ ఏ ఇంట్లోనూ గుర్తులేదు. అందరినీ రాజుగారే పిలిచారు. ఆ రాజుకు వేరే పనే ఉన్నట్టు లేదు.

ఒక ఏడాది వెనక బెంచీలో రెడ్డెమ్మ అనే అమ్మాయి కూర్చునేది. సోమల దగ్గర పల్లె. అమ్మానాన్న వేరుశనగ చేలల్లో కూలి చేసేవాళ్లు. ఆమె వంతు వచ్చినప్పుడు లేచి, "మేం యాడ నుంచీ రాలేదు సార్. ఈడే ఉండాం. మమ్మల్ని పిలిచే రాజు లేడు, పొమ్మనే రాజులే ఉండారు" అంది.

క్లాసు గొల్లుమంది. నవ్వు తగ్గాక, గైడులో పాఠం ముందే చదివేసిన ముందు బెంచీ వాడొకడు, "అయితే మీది మొదటి అల గదమ్మే! కొండెక్కాల!" అన్నాడు.

"ఎక్కుతాం లేప్పా. పైనుంచి అయితే ఎవరు ఎప్పుడొచ్చినారో బాగా కనపడతాది."

ఆ రోజు డైరీలో ఆమె పేరు రాసుకున్నాను. తర్వాత ఆమె కుప్పం వెళ్లి ఎం.ఏ. చేసింది, అక్కడే పరిశోధనలో చేరింది. విషయం నేను చెప్పింది కాదు, ఆమే ఎంచుకుంది: వక్క, తమలపాకు మన దేశానికి వచ్చిన దారి. మన పెళ్లిలో, పేరంటంలో, పంచాయితీలో తాంబూలం లేనిదే పని జరగదు కదా. వక్కచెట్టుకు అడవి చుట్టాలు ఉన్నది మలయా వైపు దీవుల్లో. మన దగ్గర అది మనిషి నాటి నీళ్లు పెడితేనే బతుకుతుంది. ఆ దీవుల పడవలవాళ్లే చాలా కాలం కిందట దాన్ని దక్షిణాదికి తెచ్చి ఉంటారని పండితులు అంటున్నారు. ఆ దారిని ఈమె ఊరూరా వెతికింది. సిద్ధాంత గ్రంథం ఇచ్చేసి, మౌఖిక పరీక్ష కోసం ఎదురుచూస్తూ, మదనపల్లెలో అప్పటికి నేను మారిన ప్రైవేటు కాలేజీలోనే కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరింది. ఏడాదికోసారి జూన్‌లో కాంట్రాక్టు మళ్లీ రాయాలి. వాళ్ల ఇంట్లో నెలజీతం చూసిన మొదటి మనిషి ఆమె.

టమోటా మండీ నుంచి సెమినార్ హాలుకు

మా కాలేజీకి కరస్పాండెంట్, అంటే యజమాని, వెంకటరమణప్ప. భూములున్న కుటుంబం. టమోటా మండీలో పెరిగిన మనిషి. వేలంపాటలో ఆయన గొంతు విన్నవాళ్లకు మైకు ఎందుకు కనిపెట్టారో అర్థం కాదు. ఊరంతా బతికేది టమోటా మీద. అది ఎన్ని సముద్రాలు దాటి వచ్చిందో ఆయన ఎప్పుడూ అడగలేదు. కానీ ఒకసారి కుటుంబంతో మలేషియా టూరు వెళ్లి వచ్చాక, ఆ దేశస్తులు ఎక్కడి నుంచి వచ్చారో మాత్రం ఆయనకు తెలిసిపోయింది.

"వాళ్లు మనోళ్లే సార్!" అన్నాడు స్టాఫ్ రూముకు వచ్చి. "గురువును గురు అంటారు. రాజును రాజా అంటారు. భాషను బహాసా అంటారు. ఇంకేం గావాల?"

"మాటలు పోయినాయి సార్. మాటలు ఎక్కడికైనా పోతాయి. మనం రోజూ బస్సు, కాలేజీ అంటాం. ఇంగ్లాండులో పుట్టామా?"

"అది వేరే. ఇంకోటి సూడండి. ఆడ పల్లెల్లో ఆవులు పొట్టి. మన పుంగనూరు ఆవులు పొట్టి. ఏమంటారు?"

"ఆవులు సముద్రం ఎట్ల దాటినాయి సార్?"

"పొట్టివి గాబట్టే పడవలో పట్టినాయి!"

నలభై మంది పరిశోధకులు కూర్చున్నా దీనికి జవాబు చెప్పలేరు.

మలయ్ జాతి పుంగనూరు ప్రాంతం నుంచే వలస పోయిందని ఆయన ఒక వ్యాసం రాయించాడు. అంతర్జాతీయ సెమినార్ అని ప్రకటించాడు. అంతర్జాతీయం కావడానికి విదేశీ మనిషి ఒకరు కావాలి. కెలాంతన్ అనే మలయ్ రాష్ట్రం నుంచి ప్రొఫెసర్ ఫరీదా అనే ఆవిడ వేరే పని మీద బెంగళూరు వచ్చి ఉంటే, కారు పంపి ఒప్పించాడు. పరిశోధన కావడానికి పరిశోధకులు ఒకరు కావాలి. అందుకు రెడ్డెమ్మను పిలిచి వ్యాసం చేతిలో పెట్టాడు.

"ఈ పేపర్ నువ్వే సదవాలమ్మా. పైన నీ పేరు, కింద నా పేరు. నీకూ మంచిది. జూన్ వస్తాండాది గదా."

జూన్ మాట మామూలుగానే అన్నాడు. వేలంలో ఆఖరి మాట కూడా మామూలుగానే అంటాడు.

ఆమె మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చింది. వ్యాసం చదివితే ఆమె థీసిస్ ఆమే చింపేసుకున్నట్టు. మౌఖిక పరీక్షలో, "తమరు మొన్న మదనపల్లెలో వేరేగా చెప్పారట కదా" అని ఎవరైనా అడిగితే జవాబు లేదు. చదవకపోతే జూన్ లేదు.

నాకు తెలిసిన ఉపాయం చెప్పాను. "ఆ రోజు గొంతు నొప్పి అని సెలవు పెట్టమ్మా. నా సర్వీసులో మంచి గొంతు నొప్పులు చాలా వచ్చాయి."

"ఎన్నేండ్లు పెట్టుకోవాల సార్ గొంతు నొప్పి?"



పళ్లెంలో తాంబూలం

సెమినార్ రోజు వేదిక మీద బ్యానర్: 'మలయా జాతికి పుట్టినిల్లు మన సీమ'. ఫరీదా గారికి తెలుగు రాదు కాబట్టి నవ్వుతూ దాని కిందే కూర్చుంది. పక్కన కూర్చున్న నన్ను అర్థం అడిగితే, "మీకు స్వాగతం అని" చెప్పాను. ఎలా చూసినా అది అబద్ధం కాదు.

వెంకటరమణప్ప శాలువా కప్పాడు. ఇత్తడి పళ్లెంలో తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయ పెట్టి అందించాడు. "వేల ఏండ్ల కిందట మా పెద్దలు మీ దేశానికి మోసుకొచ్చిన సంస్కృతి ఇదేనమ్మా! పుట్టింటికి వచ్చినావు, తీసుకో!" అన్నాడు. వెనక నిలబడ్డ ఇంగ్లీషు లెక్చరర్ దాన్ని ఆవిడ చెవిలో వేశాడు. ఆవిడ ఒక వక్క తీసి వేళ్ల మధ్య తిప్పి చూసి, మళ్లీ పళ్లెంలో పెట్టింది.

తర్వాత రెడ్డెమ్మను పిలిచారు. కరస్పాండెంట్ ఇచ్చిన కాగితాలు ఎడమ చేతిలో, తన కాగితాలు కుడి చేతిలో పట్టుకుని లేచింది.

"ఇది కరస్పాండెంట్ గారి వ్యాసం. సెమినార్ పుస్తకంలో అచ్చవుతుంది, అందరూ చదవండి. అది ఆయన ఆలోచన కాబట్టి పైన నా పేరు తీసేశాను. ఇప్పుడు నా ఆలోచన చదువుతాను" అని ఎడమ చేతిలోవి బల్ల మీద పెట్టేసింది.

ఆమె చదివింది. వక్కచెట్టు ఎక్కడిది, దాని దారి ఎటు, పడవలు ఎవరివి, ఏది తెలుసు, ఏది ఇంకా తెలియదు. తెలియనిది తెలియదని చెప్పినప్పుడు మా హాలులో అందరూ తలలెత్తారు. ఆ వేదిక మీద అలాంటి మాట అదే మొదటిసారి. చివరికి కాగితం మడిచి, పళ్లెం వైపు చూపించింది.

"కాబట్టి సార్ ఇందాక ఇచ్చింది కానుక కాదు. వాళ్లది వాళ్లకు తిరిగి ఇచ్చినారు. చాలా ఆలస్యంగా ఇచ్చినా, ఇచ్చినారు."

పిల్లలు బెంచీలు చరిచారు. ఇంగ్లీషులో అర్థం విన్న ఫరీదా గారు గట్టిగా నవ్వేసి మైకు తీసుకుంది. తమ దగ్గర కూడా పెళ్లి అడగడానికి వెళ్లేటప్పుడు వక్కా ఆకూ పళ్లెంలో పెట్టుకునే వెళతారనీ, పిల్లను అడగడం అన్న మాటే వక్క పేరు నుంచి వచ్చిందనీ చెప్పింది. తమ ముత్తాతలు ఫలానా చోటి నుంచే వచ్చారని తమ దేశంలోనూ చాలామంది ఒట్టు వేస్తారనీ, ఆ చోటు ఎప్పుడూ చాలా గొప్ప చోటే అయి ఉంటుందనీ కూడా చెప్పింది. పుంగనూరు క్లాసు గుర్తొచ్చి నేనొక్కడినే ఎక్కువ నవ్వాను.

వెంకటరమణప్ప ముఖం ఎర్రబడింది. కానీ మండీలో ధర పడిపోతుంటే బుట్ట తిప్పి చూపించడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. మైకు లాక్కున్నాడు.

"అంటే ఏమైంది? వాళ్లు మనకు తాంబూలం ఇచ్చినారు. మనం వాళ్లకు ఇచ్చినాం. తాంబూలాలు మార్చుకున్నామా లేదా? తాంబూలాలు మార్చుకుంటే ఏమవుతారు? వియ్యంకులు! మలయావాళ్లు మన వియ్యంకులప్పా!"

చప్పట్లు దద్దరిల్లాయి. నేనూ కొట్టాను, ఒప్పుకుంటాను. పుట్టింటివాళ్లం కాబోయి వియ్యంకులమయ్యాం, అదీ నిమిషంలో. మర్నాడు పత్రికలో జిల్లా పేజీలో వియ్యంకుల మాటే వచ్చింది. రెడ్డెమ్మ మాట రాలేదు.

జూన్

జూన్‌లో కాంట్రాక్టు జాబితా అంటించారు. ఆమె పేరు లేదు. అడగడానికి వెళ్లాను.

"హిస్టరీకి పిల్లకాయలు తగ్గినారు సార్."

"ఆగ్నేయాసియా పేపర్ ఎవరు చెబుతారు?"

"మీరుండారు గదా."

"నేను వచ్చే నెల రిటైరు."

"అయితే పేపరే తీసేస్తాం. ఆ మలయావాళ్లు యాడ నుంచి వస్తే మనకెందుకు సార్?"

మొన్నటి దాకా వియ్యంకులు. వియ్యంకులతో తగాదాలు త్వరగానే వస్తాయి.

నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు. రెడ్డెమ్మ సోమలకు వెళ్లి వేరుశనగ విత్తనాల పనిలో అమ్మకు తోడయింది. మధ్యలో కుప్పంలో మౌఖిక పరీక్ష అయింది. డాక్టరేట్ వచ్చింది. ఇది నాకు ఫోన్ చేసి ఒక్క ముక్కలో చెప్పింది: "అయిపోయింది సార్. కాయలు ఒలుస్తాండాను, మళ్ల మాట్లాడతా."

ఆగస్టులో ఒక పొద్దున వెంకటరమణప్ప కారు మా ఇంటి ముందు ఆగింది. కాలేజీకి గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం వస్తోందట. డాక్టరేట్లు ఉన్న అధ్యాపకులు కావాలట. హిస్టరీలో ఒక్కరు లేరట. "మీరు సెప్తే ఆయమ్మ వింటాది సార్, రండి" అన్నాడు. చెప్పడానికి కాదు, చూడడానికి వెళ్లాను.

సోమల దాటి పల్లెలోకి పోయేసరికి వాళ్ల ఇంటి ముందు గోనెపట్ట మీద తల్లీకూతుళ్లు విత్తనానికి కాయలు ఒలుస్తున్నారు. తల్లి లేచి నులకమంచం వాల్చింది.

"కాఫీ తాగుతారాప్పా?"

"వద్దమ్మా, ఇప్పుడే తాగినాం" అన్నాడు వెంకటరమణప్ప. మేం తాగలేదు.

"ఏమ్మా రెడ్డెమ్మా, డాక్టరైనావంట. సంతోషం. కాలేజీకి రామ్మా మళ్ల."

"యాల సార్? పిల్లకాయలు తగ్గినారన్నారు గదా."

"పెరిగినారు లేమ్మా."

"జూన్‌లో తగ్గినోళ్లు ఆగస్టుకు పెరిగినారా? భలే పంట సార్." చేతులు మాత్రం కాయలు ఒలవడం ఆపలేదు. "వస్తాను. ఆర్డర్‌లో ఏడాదికి అని రాయొద్దండి. రెగ్యులర్ పోస్టు అని రాయండి."

"అది కమిటీ సూడాలమ్మా."

"కమిటీ అంటే మీరు, మీ తమ్ముడు, మీ బామ్మర్ది. ముగ్గురూ ఒక ఇంట్లోనే ఉండారు గదా సార్."

ఆయన నా వైపు చూశాడు. నేను నులకమంచం అల్లిక చూస్తున్నాను. చాలా మంచి అల్లిక.

"ఆలోచిస్తాం లేమ్మా."

"ఆలోచించండి సార్. తొందరేం లేదు. తనిఖీ ఎప్పుడన్నారు?"

తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వెంకటరమణప్ప ఆర్డర్ కారులోనే తెచ్చాడు. 'ఒక సంవత్సర కాలానికి' అన్న మాట కొట్టేసి, రెగ్యులర్ అని చేత్తో రాసి, పక్కన సంతకం పెట్టాడు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి మొత్తం చదివి, కొట్టేసిన మాటకు వేరుగా ఇంకో సంతకం పెట్టించుకుంది. అది అయ్యాక ఆయనే, "కాఫీ ఉండాదామ్మా?" అని అడిగి రెండు గ్లాసులు తాగాడు.

తిరిగి వచ్చేటప్పుడు పుంగనూరు దాటాక నెమ్మదిగా, "మంచి పిల్ల సార్. అసలు వాళ్లు మనోళ్లే. వాళ్ల తాత మా తాత దగ్గర ఉన్నోడు. ఒక లెక్కన మా ఇంటి మనిషే" అన్నాడు.

ఆమె తాత ఆయన తాత చేలో జీతగాడిగా బతుకంతా ఉన్నాడు. అదీ ఆ లెక్క.

రిటైరై ఉన్నాను కాబట్టి నోరు తెరిచాను. "ఆ మాట ఇందాక వాళ్లింట్లో అనింటే బాగుండు గదప్పా."

"అనింటే ఆయమ్మ ఇంకా ఏమేం రాయించుకునేదో సార్" అన్నాడు.